ఇమెల్దా నాటిన కిత్తలి

ఇరవై రెండేళ్లుగా పువ్వు ఊసే ఎత్తని కిత్తలి ఈ ఫిబ్రవరిలో నడినెత్తిన బిగుసుకుంది. కొత్త ఆకులు చిన్నవయ్యాయి, వాటి మధ్య నుంచి చేతికర్రంత కాడ లేచింది. కాడ లేచిందంటే పూస్తుంది, పూసి గింజ పడ్డాక చస్తుంది. మా ఒహాకా కొండల్లో ఈ సంగతి తెలియనివాడు లేడు. తెలిసి ఏం లాభం?

ఈ కిత్తలిని గింజ నుంచి మొలకెత్తించింది మా అమ్మాయి ఇమెల్దా. ఏడేళ్ల పిల్ల, పెరట్లో తనే గుంట తవ్వి నాటింది. తొమ్మిదో ఏట మూడు రోజుల జ్వరంతో పోయింది. అప్పటికి ఆ మొక్క దాని అరచేయంత ఉంది.

పక్కింటి తాచో కిత్తలి దుంపలు కాల్చి మెస్కాల్ సారా దించుతాడు. పొద్దున్నే గోడ మీంచి తొంగి చూశాడు.

“ఒరే నాబోర్, కాడ ఇంకా కొయ్యలేదేంట్రా? తీపంతా పువ్వుకి పోద్ది. కోసేస్తే దుంప ఊరుద్ది.”

“నీ బట్టీకి ఇచ్చేది కాదులే, నోరు మూసుకో,” అన్నాను.

నా భార్య ఎలోదియా వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చింది. “కోస్తే చావదా అన్నా?”

“రెండేళ్లు, మూడేళ్లు పచ్చగా నిలబడుద్ది చెల్లెమ్మా.”

అంతే, నా చెయ్యి పట్టుకుంది. “కొయ్యవయ్యా. దాన్ని చావనివ్వకు. ఈలోగా పిలకలేస్తుంది, తీసి నాటుకుందాం.”

ఎలోదియా పుట్టిల్లు కింద మైదానంలో. అక్కడి కిత్తలి చుట్టూ డజను పిలకలు పెడుతుంది. ఈ కొండ కిత్తలి ఒక్కటీ పెట్టదు. దీనికి గింజే సంతానం, గింజ కావాలంటే పూయనివ్వాలి. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎలోదియా మొహంలో ఆశ చూసి ఎన్నేళ్లయిందో! మూడేళ్లన్న మాట నాకూ తియ్యగానే ఉంది. నేనూ తండ్రినే కదా. కొడవలి తెచ్చి ఒక్క వేటుకి కాడ నరికాను.

ఏప్రిల్లో కొండ మీది మిగతా కిత్తళ్లన్నీ పసుపుపచ్చగా పూశాయి. జూన్‌లో వానలు పడ్డాయి. ఎలోదియా రోజూ పొద్దున్నే చిన్న గునపంతో మా కిత్తలి మొదలు చుట్టూ మట్టి కదిపి చూసేది. “ఆలస్యంగా వస్తాయేమోలే,” అని తనకి తనే చెప్పుకునేది. పిలకల కోసం ఐదు గుంటలు తవ్వి ఎరువు కూడా వేసి ఉంచింది.

“మొదటి పిలక ఇమెల్దా సమాధి దగ్గర పెడదామయ్యా,” అంది ఒకరోజు.

ఇక నా వల్ల కాలేదు. “ఇది పిలకలు పెట్టదే ఎలోదియా. గింజతోనే పుడుతుంది.”

గునపం ఆగింది. “ఎప్పుడు తెలిసింది నీకు?”

“ఎప్పట్నుంచో.”

“మరి ఎందుకు కోశావు?”

“చావనివ్వకు అన్నావుగా.”

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. మోకాళ్ల మీద కూర్చుని, తవ్విన గుంటల్ని చేతులతోనే పూడ్చడం మొదలుపెట్టింది.

“కన్నదాన్ని పోగొట్టుకుని బతికానయ్యా,” అంది తలెత్తకుండా. “దీన్నీ పోనిచ్చేదాన్ని. దీని పిల్లలైనా మిగిలేవి. ఒక్క మాట చెప్పలేకపోయావు.”

ఐదో గుంటలోకి నేనూ మట్టి తోయబోయాను. ఎలోదియా నా చెయ్యి పక్కకి నెట్టేసింది.