మిద్దె మీద తెల్ల దుప్పటి

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. మిద్దె మీద దుప్పటి ఆరేసిన మనిషి కథ చెప్తాను.

ఆమె పెనిమిటి చిన్న విమానం నడపడం నేర్పే మాస్టారు. ఇల్లు రన్‌వే చివరికి కూతవేటు దూరం. దిగాలంటే ముందు రన్‌వే నెత్తిమీదుగా ఎగిరి, ఒక్కసారిగా పక్కకి ఒరిగి మళ్ళి, రన్‌వే పక్కనే వెనక్కి పోయి, సరైన చోట మరోసారి తిరిగి కిందికి రావాలి. ఆ సరైన చోటు దొరకడమే కష్టం. పెళ్ళైన కొత్తలో ఆయన రోజూ తప్పేవాడు. "మిద్దె మీద తెల్ల దుప్పటి ఆరేస్తాను, అది రెక్క కిందికి రాగానే తిరగండి" అన్నది ఆమే. ఇక పదహారేళ్ళు, మాసినా మాయకపోయినా, మధ్యలో నీలం అతుకు వేసిన ఆ తెల్ల దుప్పటినే పొద్దున్నే తడిపి ఆరేస్తూనే ఉంది. "మాస్టారి కన్నంటే కన్నే" అని అందరూ మెచ్చుకుంటే ఆయన మీసం దువ్వుకున్నాడే గానీ దుప్పటి మాట ఎత్తలేదు.

"నన్నూ ఓసారి ఎక్కించండి" అంటే, "నీకు కడుపులో తిప్పుతుందిలే" అనేవాడు. అసలు ఎక్కితేగా తిప్పేది!

ఆ ఏడు ఓ పిల్ల నేర్చుకోడానికొచ్చింది. విమానం ఒరిగినప్పుడల్లా, మిద్దె మీద బట్టలు పిండుతున్న ఈమె భుజం కూడా తెలియకుండానే ఒరిగేది. కళ్ళల్లో కారం పడ్డట్టుండేది. "వయసు పిల్ల, మొగుణ్ణి కాస్త కనిపెట్టుకో" అని అత్తగారు నసిగింది. ఆయనేమో అన్నం కలుపుతూ, "ఆ పిల్ల చెయ్యి ఎంత మెత్తగా తిరుగుతుందనుకున్నావ్! నీకు కుళ్ళు, అంతే" అని నవ్వాడు.

కుళ్ళే. కాదనడం ఎందుకు? రాత్రింబవళ్ళూ అదే మంట. ఆయన పక్కన కూర్చున్నందుకు కాదు. ఆయన్ని కావాలంటే రోజంతా కూర్చోబెట్టుకోమను. ఆ పిల్ల చేతిలో ఉన్న విమానం తిప్పే పిడి ఒక్కటి నా చేతిలో ఎందుకు లేదని!

మర్నాడు ఆమె దుప్పటి ఆరేయలేదు. మడిచి ఒళ్ళో పెట్టుకుని మిద్దె మీద కూర్చుంది. ఆ రోజు పిల్లకి చూపించడానికి ఆయనే నడుపుతున్నాడు. విమానం నెత్తిమీదుగా వచ్చింది, ఒరిగింది, వెనక్కి సాగింది. "ఇప్పుడు" అన్నాయి ఆమె పెదవులు. తిరగలేదు. ఎక్కడో దూరాన తిరిగి, దిగలేక మళ్ళీ పైకి లేచింది. రెండోసారీ అంతే. మూడోసారికి ఎగిరెగిరి పడుతూ నేలకి ఆనింది.

చెమటలు కక్కుతూ ఇంటికొచ్చాడు, వెనకే ఆ పిల్ల.

"దుప్పటేదే?" అని గుమ్మంలోంచే అరిచాడు.

"ఏ దుప్పటి సార్?" అంది పిల్ల అమాయకంగా.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె నింపాదిగా లేచి, మడిచిన దుప్పటి ఆయన చేతుల్లో పెట్టింది. "రేపట్నుంచి మీరు ఆరేయండి. పైనుంచి కనబడుతుందో లేదో నేను చూసి చెప్తాను."

తల్లీ, రేపు నీ కూతురికి చెప్పేటప్పుడు విమానం సంగతి తర్వాత, ముందు దుప్పటి సంగతి చెప్పు. నీలం అతుకు మర్చిపోకు.