వేరే గడిలో పడ్డ గ్రేడులు

అమెరికాలో డిగ్రీ అయ్యాకే మెడికల్ కాలేజీ. శనివారం ఉదయం కొత్తగా చేరబోయేవాళ్ల కోసం పెట్టిన సభలో, కాలేజీ హాల్లో కాఫీ బాగుంది, డోనట్లు ఇంకా బాగున్నాయి. విద్యార్థుల్ని చేర్చుకునే అధికారి ప్రూయిట్ నవ్వు వాటన్నిటికన్నా తియ్యగా ఉంది.

"డిగ్రీలో గ్రేడులు తగ్గాయని మెడికల్ కాలేజీ ఆశ వదులుకోకండి. మా దగ్గర మాస్టర్స్ చెయ్యండి, పాత గ్రేడుల సగటు దానంతటదే పైకి లేస్తుంది," అన్నాడాయన.

ముందు వరుసలో ఒక తల్లి సంతోషంగా కొడుకు చెయ్యి నొక్కింది. వెనక వరుసలో ట్వైలా హెన్స్లీకి ఒళ్లు మండింది. రెండేళ్ల కిందట ఇదే హాల్లో, ఇదే నోటి నుంచి ఇదే మాట విని చేరింది ఆమె.

ట్వైలా అంబులెన్సులో పనిచేస్తుంది. డిగ్రీ రోజుల్లో తల్లి మంచాన పడితే చదువు దెబ్బతిన్నది. మాస్టర్స్‌లో మాత్రం అన్నీ ఎ గ్రేడులే. తీరా మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెడితే, ఆ గ్రేడుల్ని విడిగా ఇంకో గడిలో వేశారు. డిగ్రీ సగటు ఉన్నచోటే ఉంది. ఆ సగటు చూసే ఆమెను పక్కకు నెట్టేశారు. డిగ్రీ అయ్యాక కూడా డిగ్రీ స్థాయి క్లాసులే చదివి ఉంటే అవి పాత సగటులో కలిసేవి. ఈ సంగతి ప్రూయిట్‌కు తెలియదని ఎవరైనా నమ్ముతారా? ఆయన ఉద్యోగమే అది.

ట్వైలా లేచి నిలబడింది.

"మాస్టర్స్ గ్రేడులు డిగ్రీ సగటులో కలుస్తాయా, కలవవా సార్?"

"ట్వైలా, నువ్వా? తర్వాత విడిగా మాట్లాడుకుందాంలేమ్మా."

"విడిగా చెప్తే వీళ్లకెలా వినబడుద్దండీ?"

"మొత్తం మీద నీకు మంచిదే కదా..."

"మంచీ చెడ్డా అడగలేదు. కలుస్తాయా?"

ప్రూయిట్ కాఫీ కప్పులు సర్దడం మొదలుపెట్టాడు. ముందు వరుస తల్లి వెనక్కి తిరిగి, "మరి మావాణ్ణేం చెయ్యమంటావమ్మా?" అంది.

"మీ ఊరి కాలేజీలోనే సాయంత్రం కెమిస్ట్రీ క్లాసులో చేర్పించండి, డిగ్రీ స్థాయిది. సగటు మెల్లగా పెరుగుద్ది, కానీ పెరుగుద్ది. నేనూ సోమవారం చేరుతున్నా."

"మళ్లీ మొదట్నించా?" అన్నాడు కొడుకు.

"మొదట్నించే. ఏడుపొస్తోంది, అయినా మొదట్నించే."

ఆ తల్లి సగం తిన్న డోనట్ పళ్లెంలో పెట్టి కోటు తొడుక్కుంది. ఆమె వెనకే ఇంకొందరు లేచారు.

చదువు దేనికి పనికిరాదో దాచిపెట్టి అమ్మేవాడు, టై కట్టుకుని కాఫీ పోసినా, మన పిల్లల ఏళ్లను దోచుకునే దొంగే.