వెండి మీది మకిలి

వాన వెలిసిన ఆకాశం ఇంకా బూడిద రంగులోనే ఉంది. తూర్పున ఒక్క సన్నటి చీలిక. అందులోంచి వచ్చిన ఎండ వంటింటి కిటికీ దాటి, నేను తోముతున్న స్టీలు గిన్నె మీద పడి, పడినట్టే గోడ మీదికి వెళ్లిపోయింది. నున్నటి లోహం అంతే. ఏదీ ఉంచుకోదు.

నా గాజుపలక అలాంటిది కాదు. దాని మీద పల్చటి వెండి పూత, పూత నిండా కంటికి ఆనని గీతలు. తగిన కోణంలో పడిన వెలుగు వెనక్కి రాదు. ఆ గీతల ఊతంతో వెండిని పట్టుకుని, ఎలక్ట్రాన్లతో కలిసి, గాలికి వరిచేను మీద అల పాకినట్టు పైపైనే పాకుతుంది. పుస్తకాల్లో సర్ఫేస్ ప్లాస్మాన్ అంటారు. చూసేవాళ్లకి మాత్రం అక్కడ చీకటే. ఆ చీకటిని కొలవడమే నా పరిశోధన. పెళ్లయిన కొత్తలో చెబితే మా ఆయన, ధనరాజు బావ, నవ్వాడు. "ఎలుగు మాయమైపోతే అదేటి సదువే? ఫెయిలైనట్టు గదా!" మాయమవదు బావా, అన్నాను. అప్పటికే ఫోను చూసుకుంటున్నాడు.

విశాఖ ల్యాబులో నెలల తరబడి కూర్చుని చేసిన పలక. ఇవాళే విజయనగరం కాలేజీలో కొలవాలి. నిన్న ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఈ ఇంట్లో నాకంటూ ఒక అర లేదు. ఎవరూ ముట్టుకోరని దేవుడి అరలో పెట్టాను.

ఇవాళ శుక్రవారమని మరిచిపోయాను.

అత్త బుజ్జమ్మ వెండి కుందులతో పాటు దాన్నీ పట్టుకొచ్చింది. చేతుల నిండా విభూతి. "ఒలమ్మ, రంగులు రంగులుగా మకిలి పట్టేసినాదే శైలూ! తోమీసినాను. సూడు, అద్దంలాగున్నాది."

కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాను. గీతలు అరిగిపోయాయి. వాటి మీద విరిసే ఇంద్రధనుస్సు లేదు. నా ముఖం ఉంది.

"గాజుముక్కకి ఏడుపేటే? అన్నం పెట్టు, టైమైపోతన్నాది" అన్నాడు బావ.

నేను ఏడవలేదు. వచ్చినప్పటి నుంచీ నన్నూ ఇలాగే, ప్రేమగానే తోముతున్నారు. గట్టిగా నవ్వకే. పుస్తకం తర్వాత సూసుకో. నున్నగా ఉన్నాను. ఏ మాట పడినా మెరిసి, పడినట్టే తిప్పి ఇచ్చేశాను.

"విశాఖ ఎల్తన్నాను బావా. పలక మళ్లీ సేసినదాకా హాస్టల్లోనే ఉంటాను."

"మరి ఇల్లెవులు సూస్తారే?"

ఆ మాట నా దాకా వచ్చింది. తిరిగి వెళ్లలేదు.

అత్త పలకను ఎండకి పట్టి చాలాసేపు చూసింది. "ఆ రంగులు మళ్లీ వస్తాయేటే?"

"వస్తాయి అత్తా."

అన్నం గిన్నె మధ్యలో పెట్టాను. రోజూ ముందు బావకి, తర్వాత అత్తకి, ఆఖర్న నిలబడి నేను. ఇవాళ కూర్చున్నాను. బావ నా చేతికేసి చూశాడు. అత్త గరిటెను అతని ముందుకు జరిపింది. ఎవరికి వాళ్లం వడ్డించుకుని, ముగ్గురం తిన్నాం.