గీత మీద నూగు

ఆ రోజు గొడవ గుడ్ల ట్రే దగ్గర మొదలైంది. ఫ్రిజ్ తలుపులో ఉండాల్సిన ప్లాస్టిక్ ట్రే ముందుగదిలో పనిబల్ల మీద ఉందని, గుడ్లన్నీ ఒక గిన్నెలో ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయని అత్తయ్యకు కోపం వచ్చింది. ట్రేలోని పన్నెండు గుంటల్లో స్క్రూలు పెట్టింది నేనే. విప్పిన వరుసలో పెట్టుకుంటే బిగించేటప్పుడు చివరిదాన్నుంచి వెనక్కి రావచ్చు. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే లోపలి బోర్డుకు తగులుతుంది. ఇదంతా చెప్పబోయాను. "గుడ్లు పెట్టుకునేదాంట్లో మేకులేమిటమ్మాయ్, రేపు అన్నం గిన్నెలో నట్లు వేస్తావా?" అన్నారావిడ. మావారు చదువుతున్న పేపరు దించకుండానే, "ఒక డబ్బా చూసుకోరాదూ, దీనికింత రాద్ధాంతమా" అన్నారు. రాద్ధాంతం చేసింది నేను కాదు. పైగా ఆ స్క్రూలు విప్పింది ఆయన. విప్పి కుప్పగా పోసి వెళ్ళిపోతే, ఒక్కొక్కటీ ఏ కన్నానిదో చూసి తేల్చుకుని వరుసలో పెట్టింది నేను. ట్రే ఖాళీ చేసి, కడిగి, తుడిచి, గుడ్లు సర్దాను. స్క్రూలను కాగితం పొట్లాల్లోకి మార్చి అంకెలు వేశాను.

మా ముందుగదే మావారి రిపేరు షాపు. ఫ్యాక్టరీల నుంచి, కాలేజీల నుంచి పాత కొలత పరికరాలు వస్తాయి. నేను డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి అందరికీ గొప్పగా చెప్పేవారు. పోనుపోను అది "బిల్లులు తప్పుల్లేకుండా రాస్తుంది" దగ్గర ఆగింది. ఆయనకు దగ్గరి చూపు తగ్గాక సన్నపని నా చేతికి వచ్చింది. ఏ రోజున వచ్చిందో చెప్పలేను. ముందు "ఈ వైరు కాస్త పట్టుకో" అన్నారు, తరవాత "ఇది నువ్వు అతికించు" అన్నారు, ఆ తరవాత నేను అతికిస్తుంటే టీ తాగడానికి వెళ్ళడం మొదలుపెట్టారు. షాపుకు వచ్చినవాళ్ళకు మాత్రం, "మా ఆవిడ కాస్త చేతిసాయం చేస్తుంది" అని చెబుతారు. ఇంట్లో చేసే పని కూడా ఎవరికో సాయమే అయినప్పుడు, నా పని అంటూ ఏది మిగిలిందో వెతుక్కోవాలి.

ఆ రోజు బల్ల మీద ఉన్నది ఒక ల్యాబ్ నుంచి వచ్చిన ఆసిలోస్కోప్. కరెంటు ఎలా హెచ్చుతగ్గులవుతోందో తెర మీద గీతగా చూపిస్తుంది. దాని తెర వెనక వెలుగు మసకబారింది. ల్యాబ్‌లో వాళ్ళు పక్కనుంచి టార్చి వేసుకుని చదువుకుంటున్నారట. కొద్దికొద్దిగా తగ్గిన వెలుగు సంగతి ఎవరికీ తెలియదు, కళ్ళే సర్దుకుంటాయి. మావారు లోపల వెలుగిచ్చే సన్నటి గాజుగొట్టం తీసేసి ఎల్ఈడీ పట్టీ పెట్టారు. తెర అంచుల్లో వెలిగింది కానీ మధ్యలో చీకటిమచ్చ మిగిలింది. రెండుసార్లు విప్పి బిగించి, "తెరే పోయింది, తిప్పి పంపేద్దాం" అన్నారు. నేనొకసారి చూస్తానన్నాను. "చూడు, చూస్తే పోయేదేముంది" అన్నారు.

మధ్యాహ్నం గిన్నెలు కడిగి, కర్టెన్లు మూసి కూర్చున్నాను. గాజు వెనక పల్చటి పొరలు నాలుగుంటాయి, వెలుగును తెరంతా సమానంగా పరచడానికి. మావారు వాటిని తుడిచి మళ్ళీ పెట్టేటప్పుడు ఒకటి తిరగబడింది. దాన్ని అంచులు పట్టుకుని కిటికీ సందులోంచి వచ్చే వెలుతురుకు ఎత్తితే, ఒకవైపు నున్నగా, ఇంకోవైపు వెంట్రుకకన్నా సన్నటి గాట్లతో కనిపించింది. మూడుసార్లు చూస్తే గాని నమ్మకం కుదరలేదు. తిప్పి పెట్టాను. ఈలోగా అత్తయ్య టీ అడిగారు. ఇచ్చి వచ్చేసరికి లోపల నలుసు పడింది. మళ్ళీ విప్పాను. చివరికి మచ్చ పోయింది గాని, అతి చిన్న కొలత పెట్టి చూస్తే గీత శుభ్రంగా లేదు. దాని మీద నూగులాంటిది ఉంది. కొత్త వెలుగు ఆర్పితే నూగూ పోతోంది. పట్టీతో పాటు వచ్చిన చిన్న బోర్డు దీపాన్ని క్షణానికి వేలసార్లు ఆర్పి వెలిగిస్తుంది. కంటికి తెలియని ఆ సంగతి పరికరానికి తెలుస్తోంది. బోర్డు తీసేసి ఒక్క రెసిస్టర్ ద్వారా కరెంటిచ్చాను. వెలుగు ఒక పిసరు తగ్గింది. గీత బ్లేడుతో గీసినట్టు నిలబడింది.

సాయంత్రం మావారు చూసి, "ఇంకాస్త వెలుగు పెంచాల్సింది" అన్నారు. పెట్టె మూసేముందు లోపల స్టిక్కరు మీద తేదీ వేసి సంతకం చేశారు. ఎవరు విప్పితే వాళ్ళు సంతకం పెట్టడం ఈ పనిలో ఆనవాయితీ.

పది రోజుల తరవాత ల్యాబ్ నుంచి ఇంజనీరు మేడమ్ ఫోన్ చేసింది. నేను బల్ల పక్కనే కూరగాయలు తరుగుతున్నాను. అలాంటివే ఇంకో పదకొండు ఉన్నాయట, ఇకమీదట బయటకు పంపే వీల్లేదట, ఎవరైనా వచ్చి అక్కడే చేయాలట. మావారు వెంటనే, అది తనే చేశానని, తనే వస్తానని చెప్పారు. అప్పుడామె ఇంకో సంగతి అడిగింది. వేరేచోట చేయించిన రెండింటికీ గీత మీద నూగు వస్తోంది, మీరు చేసినదానికి రాలేదు, ఏం చేశారు అని. మావారు ఫోన్‌ను అరచేత్తో మూసి నావైపు చూశారు.

"స్ట్రిప్‌తో వచ్చిన బోర్డు తీసేశాను. రెసిస్టర్ పెట్టాను" అన్నాను మెల్లిగా.

"బోర్డు తీసేసి కెపాసిటర్ పెట్టామండి" అన్నారు ఫోన్లో.

"రెసిస్టర్."

"అదే, రెసిస్టర్."

ఎంత విలువది అని అడిగినట్టుంది, మళ్ళీ అరచేయి అడ్డం పెట్టారు. అటునుంచి నవ్వు నాకూ వినిపించింది. ఎగతాళి లేని నవ్వు. "సార్, వెనకనుంచి చెప్తున్న ఆవిడకి ఫోన్ ఇచ్చేయండి. మీకు శ్రమ తప్పుతుంది."

కాలే గిన్నె అందించినట్టు ఫోన్ అందించారు. మేడమ్ విలువ రాసుకున్నాక, "అసలు ఆ బోర్డువల్లేనని ఎలా కనిపెట్టారు?" అంది. ఈ ఇంట్లో నన్ను 'ఎప్పుడవుతుంది' అని అడిగారు, 'ఎందుకవలేదు' అని అడిగారు. 'ఎలా' అని ఎవరూ అడగలేదు. చెబుతూ చెబుతూ గొంతు పెంచినట్టున్నాను, అత్తయ్య గదిలోంచి తొంగి చూశారు.

ఆ సాయంత్రం మావారు, "ఆ మాత్రం నాకు తెలుసు, టైముకి గుర్తు రాలేదంతే" అన్నారు. మళ్ళీ తనే, "ఒకటి, రెండు, మూడు అని వరసగా ఒక కాగితం మీద రాసివ్వు. నేను వెళ్ళి చేసుకొస్తా. ఆరు రోజులు ఇల్లొదిలి నువ్వెక్కడ పోతావ్" అన్నారు. ఆ చివరి మాట ప్రశ్న కాదు. తీర్పు.

మర్నాడు రాయడానికి కూర్చున్నాను. నిజాయితీగానే రాశాను, ఎనిమిది అంశాల దాకా. తొమ్మిదోది, పొరను వెలుతురుకు ఎత్తి గాట్లవైపు ఏదో చూడాలి. ఆయన కళ్ళకు అది కనిపించదు. స్క్రూ ఎంత బిగించాలి? ఇక చాలని చేతికి తెలిసేదాకా. ఇది రాస్తే నవ్వుతారు. తప్పుగా పెడితే తెరలు పోయాయంటారు, పదకొండు మంచి పరికరాలు మూలపడతాయి. ఒకవేళ అన్నీ సరిగ్గా చేసుకొస్తే? నా చూపూ నా మధ్యాహ్నమూ ఆయన జేబులో మడతపెట్టిన కాగితమవుతాయి. ఈ రెండిట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది రెండోదే. పరికరాల గురించి దిగులని నన్ను నేను మభ్యపెట్టుకోవచ్చు. కాదు, అది నా పని, నాకు కావాలి. అంత చిన్న వాక్యం లోపల అనుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. పెన్ను మూత పెట్టి, మేడమ్‌కి ఫోన్ చేశాను.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వడ్డించి చివర్లో తినే అలవాటు మాని, ఆ పూట నేనూ కంచం పెట్టుకుని వాళ్ళతోపాటే కూర్చున్నాను. కాగితం రాయడం అయిందా అని అడిగారు మావారు.

"రాయడం ఆపేశాను. రేపటినుంచి నేనే వెళ్తున్నా. మేడమ్‌తో మాట్లాడేశాను. రోజుకు రెండు చొప్పున శనివారానికి అయిపోతాయి."

అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగింది. "మరి ఇల్లో?" అన్నారు.

"పొద్దుట వంట చేసి వెళ్తాను అత్తయ్యా. రాత్రికి మీరూ ఆయనా చూసుకోండి."

మావారు నవ్వబోయి మానేశారు. "పెళ్ళాన్ని పనికి పంపి ఇంట్లో కూర్చున్నాడంటారు నన్ను" అన్నారు.

"కూర్చోవడమెందుకండీ, షాపు చూసుకోండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, నెమ్మదిగా వినిపించింది. "ఎవరైనా తెరల కోసం వస్తే, ఆ పని చేసే మనిషి శనివారం దాకా ఊపిరాడనంత పనిలో ఉందని చెప్పండి."