గంగవ్వకు చూపని కన్ను

కామాటిపురలో మా వరసగదుల చాల్‌లో ఎవరి కంట్లో నలుసు పడ్డా నా పెళ్ళాం గంగవ్వ దగ్గరికే వస్తారు. వాళ్ళమ్మ నేర్పిన విద్య. నోరు పుక్కిలించుకుని, మనిషిని గడప మీద వెలుతురుకు కూర్చోబెట్టి, రెప్ప తిప్పి నాలుక కొసతో నలుసు తీసేస్తుంది. అందరూ దండం పెట్టి పోతారు. ముసలమ్మలూ పిల్లలూ వస్తే నాకేం లేదు. మొగులయ్య వస్తేనే ఒళ్ళు మండుతుంది.

వాడు పాలమూరు నుంచి వచ్చి నాతోనే పరంజా కడతాడు. పెళ్ళాం పోయినవాడు. ఇద్దరం పని చేసేది ఒకే సిమెంటు దుమ్ములో. నలుసు మాత్రం ఎప్పుడూ వాడి కంట్లోనే పడుతుంది. గంగవ్వ వాడి గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచుతుంటే నేను గోడవైపు తిరిగి బీడీ ముట్టిస్తాను.

మొన్న వానల్లో ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన పాత బిల్డింగుకు పరంజా కడుతుంటే, నానిన వెదురు చీలి పేడు నా కంట్లో గుచ్చుకుంది. పీకి పారేశాను. మొగులయ్య పైనుంచి దిగి వచ్చాడు.

"ఇంటికి పో అన్నా. ఇంకేమన్న ఉంటె వదిన తీసేస్తది. ఆమె నాలికె తగిలితె కన్ను సల్లగుంటది" అన్నాడు.

చల్లగా ఉంటుందట. వాడికి తెలుసట.

ఆ మాటతో ఇంటికి పోలేదు. ఫోరస్ రోడ్డులో మందుల షాపువాడు ఇచ్చిన చుక్కలు వేసుకున్నాను. ఎరుపు తగ్గింది. గంగవ్వ అడిగితే నిద్ర లేదన్నాను. తర్వాత లోపల పోటు మొదలైంది, చూపుకు పొగ పట్టింది. అప్పుడూ ఆమెకు చూపలేదు. వాడి కంట్లో తిరిగిన నాలుక నాకొద్దు.

చివరికి ఆమే నా తల పట్టుకుని వెలుతురుకు తిప్పింది. నల్లగుడ్డు వెనక దూదిపింజలా తెల్లగా ఏదో ఉందట. నోరు పుక్కిలించుకోవడానికి లేవలేదు.

"ఇది నాతోని కాదు. లోపటికి పోయింది. నాకెందుకు జెప్పలేవయ్యా?"

తల విడిపించుకుని బీడీ వెతుక్కున్నాను.

మొగులయ్యే టాక్సీ పిలిచాడు. దవాఖానలో వాడే నా పక్కన కూర్చున్నాడు. వెదురుతోపాటు బూజు లోపలికి పోయిందని, షాపు చుక్కలు దానికి మేతయ్యాయని, ఇప్పుడది కంటిగుడ్డు లోపల పెరుగుతోందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేసి గుడ్డులోకే సూది మందు ఇచ్చారు. గంటగంటకూ చుక్కలు వేయాలట. అప్పటికీ కన్ను దక్కుతుందని మాట ఇవ్వలేనంది. గంగవ్వ విద్య గురించి విని మండిపడింది. ఇకమీదట ఎవరి కంట్లోనూ నాలుక పెట్టకూడదట. ఆ దవాఖానలో నాకు నచ్చిన మాట అదొక్కటే. చాల్ మెట్లెక్కుతూనే అందరికీ వినబడేలా చెప్పాను. మొగులయ్యకు మళ్ళీ విడిగా చెప్పాను.

అయినా వాడు వస్తున్నాడు. ఊరందరి కళ్ళలో నాలుక పెట్టిన మనిషికి నా కంటి దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణుకుతుందట. అందుకని ఆమె రెప్పలు విప్పి పట్టుకుంటే, వాడు సీసాతో నా మీదికి వంగుతాడు.

"కన్ను మూయకన్నా, మందు కారిపోతది" అంటాడు.

మూయను. మసకలో ఇద్దరి తలలూ ఒక్కటిగా కనబడుతున్నాయి. అవి వేరయ్యేదాకా చూస్తూనే ఉంటాను.