లామినేషన్ చేసిన విడాకులు

మాపును బకెట్టులో నొక్కి పిండి, కమలాబాయి మళ్ళీ కిటికీ వైపు నుంచి అందుకుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆ పెద్దాసుపత్రి నాలుగో అంతస్తులో పన్నెండేళ్ళుగా ఆమె తుడుపు ఇంతే. కిటికీ దగ్గర మొదలై తలుపు దగ్గర ముగుస్తుంది. మనిషి పొట్టి. మణికట్లు మాత్రం లావు. బ్లీచు నీళ్ళకి నాని నాని వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉంటాయి. నెరిసిన జడ చుట్టి క్లిప్పు పెట్టి, ఆకుపచ్చ యూనిఫాం జేబులో డ్యూటీల రోటా కాగితం మడిచి పెట్టుకుని, పొద్దున ఆరింటికల్లా పనిలో ఉంటుంది. వచ్చిందని ఎవరూ చూడరు, రాకపోతే మాత్రం అందరూ అడుగుతారు.

ఆ గురువారం ఆరో బెడ్డు కింద రెండుసార్లు తుడిచింది.

ఆరో బెడ్డులో గోపాల్‌రావు ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో బస్సు నడిపిన మనిషి. ఊపిరితిత్తులు పాడైపోయి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో, మూడు దిండ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు, కూర్చునే మేలుకుంటున్నాడు.

"ఎన్నిసార్లు తుడుస్తవ్ కమలా, నేలకు బొక్క పడ్తది" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"పడనీ. కింది అంతస్తోళ్ళు నీ మొకం చూసి తరిస్తరు."

"రైలు ఎన్నింటికి?"

"ఎనిమిది దాటినంక. బర్మింగ్‌హామ్ పోయి, ఆ కాయితం తీస్కొని, నాలుగింటి లోపల నీ ముంగట నిలవడ్త. అప్పటిదాంక మంచిగుండు రావ్ సాబ్."

"నేనేడికి పోత" అన్నాడు. అంతలోనే దగ్గొచ్చింది. ఆమె మాపు గోడకి ఆనించి, వీపు మీద చెయ్యేసి, ఆ దగ్గు ఆగేదాకా కదల్లేదు.

పదకొండేళ్ళుగా ఇద్దరిదీ ఊరి కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చిన ఒకే ఫ్లాటు. గోపాల్‌రావు భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. కమలాబాయి తన మొగుడు పాండురంగం దగ్గర విడాకులు తీసుకుని, బర్మింగ్‌హామ్ నుంచి ఒక్క సూట్‌కేసుతో ఈ ఊరొచ్చింది. మొదట ఆయన దగ్గర ఒక గది అద్దెకి తీసుకుంది. తర్వాత వంట ఒకటయింది. ఆ తర్వాత ఇల్లే ఒకటయింది. పెళ్ళి చేసుకుందామా అని ఏడాదికోసారి అడిగేవాడు గోపాల్‌రావు. "ఒకసారైంది గదా, ఇగ సాలు" అనేది ఆమె. దసరాకి తెలుగువాళ్ళంతా కలిసినప్పుడు ఆంటీలు ఆమెని "గోపాల్‌రావు గారింట్లో ఉండే ఆవిడ" అనేవాళ్ళు. దానికీ నవ్వేసేది.

ఆ నవ్వు పోయింది వార్డులో తెర చూసి. బెడ్డు చుట్టూ ఉండే నీలం తెర. ఎవరికైనా చివరి గడియ దగ్గరపడితే సిస్టరు ఆ తెర లాగి, దగ్గర బంధువుల్ని లోపల ఉంచి, మిగతావాళ్ళని కారిడార్లోకి పంపుతుంది. అన్నేళ్ళూ కలిసి బతికి, ఫారంలో "ఫ్రెండ్" అని రాసి ఉన్నందుకు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ తెర వైపు చూసేవాళ్ళని ఆమె ఎంతమందిని చూసిందో! వాళ్ళ బూట్ల చుట్టూ తుడుచుకుంటూ పోయేది. ఇప్పుడు గోపాల్‌రావు ఫారంలో ఆమె పేరు పక్కనా అదే మాట ఉంది. దగ్గర బంధువు అన్న గడిలో, ఏడేళ్ళుగా ఫోను కూడా చెయ్యని తమ్ముడి కొడుకు పేరుంది.

సోమవారం డాక్టరు, వారం గడుస్తుందని కూడా చెప్పలేనన్నాడు. ఆ సాయంత్రం కమలాబాయే అడిగింది.

"రావ్ సాబ్, నన్ను చేస్కుంటవా?"

"పదకొండేండ్లు నేనడిగిన. ఇయ్యాల నువ్వడుగుతున్నవ్. ఇంత తొందరంటే ఎట్ల? ఆలోచించుకోవాలె" అని నవ్వాడు గోపాల్‌రావు. ఆ నవ్వుకే ఊపిరి అందక పది నిమిషాలు మాస్కు పెట్టాల్సొచ్చింది.

మంచం దిగలేని రోగికి ఆసుపత్రిలోనే పెళ్ళి జరిపే లైసెన్సు ఒకటుంది. బుధవారం రిజిస్ట్రారు వచ్చి కాగితాలన్నీ చూశాడు. గోపాల్‌రావువి సరిపోయాయి. కమలాబాయి విడాకుల కాగితం చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. ఎందుకంటే అది లామినేషన్ చేసి ఉంది.

తప్పు ఆమెదే. నిజామాబాద్‌లో ఆమె తమ్ముడు పదో తరగతి మెమో దగ్గర్నుంచి పెళ్ళిపత్రిక దాకా దేన్నీ వదలకుండా లామినేషన్ చేయించి గొప్పగా చూపించేవాడు. విలువైన కాగితమంటే అలా ఉండాలని ఆమె మనసులో పడిపోయింది. 1990లో విడాకులు చేతికొచ్చిన రోజే షాపుకి పట్టుకెళ్ళింది. షాపువాడు కవరులో పట్టటం లేదని పై అంచు కత్తిరించేశాడు. దాంతో కేసు నంబరు పోయింది. వేడికి కోర్టువారి ఎర్ర ముద్ర కరిగి బీట్‌రూట్ మరకలా అయింది. పదమూడేళ్ళు దాన్ని పరుపు కింద దాచుకుంది, వంక లేకుండా ఉందనుకుంటూ.

"ముద్ర కనబడాలమ్మా, చేతికి తగలాలి" అన్నాడు రిజిస్ట్రారు. మంచివాడే. "విడాకులిచ్చిన కోర్టు నుంచి కొత్త కాపీ తెండి. రేపు నాలుగింటికి వస్తాను. అంతకంటే ముందుకి జరపలేను." ఆ తర్వాతకి వాయిదా వేసే వీల్లేదని ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

పది గంటలకి బర్మింగ్‌హామ్ కౌంటీ కోర్టు కౌంటరు తెరిచేసరికి కమలాబాయి క్యూలో రెండో మనిషి. వెనకాల టై కట్టుకున్న ఒకాయన, చేతిలో విడాకుల దరఖాస్తు పట్టుకుని దిగాలుగా నిలబడ్డాడు. కౌంటరులో లావుపాటి పెద్దావిడ, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. కమలాబాయి తనకొచ్చిన ఇంగ్లీషులో సంగతి చెప్పి, ప్లాస్టిక్ కాగితం ముందు పెట్టింది.

"రికార్డు ఎవరడిగినా ఇస్తాం లవ్, అదేం రహస్యం కాదు" అంది పెద్దావిడ, ఎవరినైనా అలాగే పిలిచే అక్కడి అలవాటు కొద్దీ. "ఇద్దరి పేర్లు, సంవత్సరం, కేసు నంబరు రాసి ఫీజు కట్టాలి. నంబరు లేకపోతే పేర్లతో వెతకాలి. పది రోజులు పడుతుంది. పోస్టులో వస్తుంది."

"పది రోజులు... హీ నాట్ దేర్" అంది కమలాబాయి.

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని ఆమెని చూసింది. "నంబరుంటే ఇప్పుడే కిందికెళ్ళి ఫైలు నేనే తెస్తాను. లేకపోతే నా చేతిలో లేదు."

కమలాబాయి పక్కకి జరిగి గోడకి ఆనుకుంది. నంబరు.

ఆ రోజుల్లో ఆమెకి ఇంగ్లీషు చదవటం రాదు. ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ ఒకామె, కోర్టు ఉత్తరాల పైన ఫలానా నంబరుంటుంది, అదే గుర్తు పెట్టుకో అంది. తొమ్మిది నెలలు కమలాబాయి తలుపు సందులోంచి పడే ప్రతి ఉత్తరం మీదా ఆ నంబరు కోసం వెతికింది. పాండురంగం లేవకముందే దొరకబుచ్చుకుని బియ్యం డబ్బాలో దాచాలి. దొరికితే ఏమవుతుందో ఆమె ఎడమ మోచేతికి ఇప్పటికీ తెలుసు. అంతగా వెతికిన అంకెలు ఇవాళ ఒక్కటీ నాలుక మీదకి రావు!

బొటనవేలు మాత్రం కదిలింది. చూపుడువేలి మీద బొటనవేలు చక్రం తిప్పినట్టు తిరుగుతోంది. కమలాబాయి తన చెయ్యి వైపే చూసింది. షెఫీల్డ్ ఆసుపత్రిలో చేరిన రోజున లాకరు తాళానికి నాలుగంకెలు పెట్టుకోమన్నారు. ఇంగ్లీషులో తనకంటూ ఉన్న అంకెలు ఆ కోర్టు ఉత్తరాల మీదివే, అవే పెట్టుకుంది. పన్నెండేళ్ళుగా పొద్దున్నే చీకట్లో, చూడకుండా తిప్పే అంకెలు.

"రెండు," అంది పైకే. "ఏడు. ఒకటి. ఆరు."

ఒక్క అంగలో కౌంటరు దగ్గరికి వచ్చింది. వాటి ముందుండే సంవత్సరం, డైవోర్సుకి గుర్తైన అక్షరం వాటంతటవే నోటికొచ్చాయి. "నైంటీ. డీ. టూ సెవెన్ వన్ సిక్స్!"

పెద్దావిడ కిందికెళ్ళి, రెండు గంటలకి పైగా వెతికి, దుమ్ముపట్టిన ఫైలుతో వచ్చింది. తెరిచి పేర్లు చదివింది. "విడాకులు అడిగింది..."

"మీ," అంది కమలాబాయి, వేలు గుండె మీద పెట్టుకుని. "హీ నాట్ లీవ్ మీ. ఐ లీవ్."

కాపీ తీసి పెద్దావిడ ముద్ర గట్టిగా నొక్కి కొట్టింది. బల్ల మీద పెన్నులు ఎగిరిపడ్డాయి. "ఇంతకీ దేనికంత తొందర లవ్?"

"మ్యారేజ్. ఫోర్ ఓ క్లాక్."

వెనకాల టై ఆయన తల పైకెత్తాడు. "మళ్ళీనా?"

"మళ్ళీనే!" అంది కమలాబాయి తెలుగులో. అర్థమైందో ఏమో, ఆయన పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వాడు.

"దీన్ని మాత్రం ప్లాస్టిక్‌లో పెట్టకు" అని కౌంటరులోంచి పెద్దావిడ అరుస్తూనే ఉంది.

రైలు దిగి, బస్సెక్కి, ఆసుపత్రికి వచ్చేసరికి నాలుగుకి పది నిమిషాలు తక్కువ. పోర్టరు మొగిలయ్య లిఫ్టు తలుపుకి అడ్డంగా కాలు పెట్టుకుని నిలబడ్డాడు. వరంగల్ మనిషి, ఆసుపత్రిలో ఆమెని అక్కా అని పిలిచేది వాడొక్కడే.

"జల్ది రా అక్కా! నువ్వొస్తవని లిఫ్టు ఆపుకోని నిలవడ్డ. జనం తిడ్తుంటే ఖరాబైందని చెప్పిన."

"ఆయనెట్లున్నడు రా?"

"గడ్డం గీకిచ్చుకున్నడు. పెండ్లికొడుకు గదా, నఖరాలు!"

రిజిస్ట్రారు కాపీ అందుకుని ముద్ర మీద బొటనవేలు రుద్ది, తలూపాడు. కమలాబాయికి యూనిఫాం మార్చుకునే వ్యవధి కూడా లేదు. మొగిలయ్య, వార్డు సిస్టరు సాక్షులు. ప్రమాణం మాటలు పెళ్ళికొడుకు తన నోటితోనే చెప్పాలి. గోపాల్‌రావు మాస్కు పక్కకి తీసి, ప్రతి స్టాపులోనూ ఆగే బస్సులా, రెండేసి మాటలకి ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. ఎక్కడా ఒక్క మాట వదల్లేదు. కమలాబాయి గడగడా చెప్పేసింది, రైల్లో అంతసేపూ వల్లె వేసుకుంది కదా.

సంతకాలయ్యాక మొగిలయ్య కాంటీన్ నుంచి తెచ్చిన కేకు కోసి, కాగితం పళ్ళెంలో ఒక ముక్క పెట్టి గోపాల్‌రావుకి అందించాడు.

"ఇన్నేండ్లు నిన్నేమనాల్నో సమజ్ కాక సార్ సార్ అన్న. ఇయ్యాల్టి నుంచి బావవి. తిను బావా!"

నాలుగు రోజులుగా గుటకెడు సూపు తప్ప ముట్టని మనిషి. "బావా" అన్న మాట విని కళ్ళు పెద్దవి చేసి, ముక్క అందుకుని, ఒక కొరుకు కొరికాడు. మూతికి అంటిన క్రీము కమలాబాయి చీరకొంగు లేక యూనిఫాం చేతితోనే తుడిచింది. సిస్టరు ఫారం తెచ్చి, తమ్ముడి కొడుకు పేరూ "ఫ్రెండ్" అన్న మాటా రెండూ కొట్టేసి, పైన పెద్దక్షరాలతో "వైఫ్" అని రాసి ఆమెకి చూపించింది. కమలాబాయి ఆ మాట రెండుసార్లు చదువుకుంది. ఇప్పుడు చదవటం వచ్చు.

జూన్ నెల. రాత్రి ఎనిమిదిన్నరయినా ఎండ నేల మీద పచ్చగా పడి ఉంది. గోపాల్‌రావు ఊపిరికీ ఊపిరికీ మధ్య దూరం పెరుగుతోంది. సిస్టరు వచ్చి నాడి చూసింది. నీలం తెర చుట్టూ లాగింది. అలవాటు కొద్దీ కమలాబాయి కుర్చీలోంచి లేచింది.

"నువ్వు కాదు మిసెస్ రావు," అంది సిస్టరు. "నువ్వు లోపలే."

కమలాబాయి కూర్చుంది. తెర లోపల వెలుతురు నీళ్ళలా నీలంగా ఉంది. ఇన్నేళ్ళలో ఈ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. గోపాల్‌రావు చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"రైలు... టైముకొచ్చిందా?" అన్నాడు.

"టైముకే వచ్చింది రావ్ సాబ్."

"మంచిది" అన్నాడు, డ్యూటీ దిగే డ్రైవరులా. కొంతసేపటికి ఆమె చేతుల్లో ఉన్న చెయ్యి బరువెక్కింది. ఆమె ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది. ఎవరూ బయటికి పొమ్మనలేదు, ఎవరు మీరని అడగలేదు.

సిస్టరు డాక్టరు కోసం వెళ్ళాక, కమలాబాయి ముఖం తుడుచుకుని లేచింది. దుప్పటి సరిచేసింది. జేబులోంచి పసుపురంగు తుడుపు బట్ట తీసి బెడ్డు పక్క బల్ల తుడిచింది. కూజా ఎత్తి తుడిచింది, గ్లాసు ఎత్తి తుడిచింది. కాగితం పళ్ళెం మాత్రం ఎత్తకుండా దాని చుట్టూ జాగ్రత్తగా తుడుచుకుంటూ వచ్చింది. పళ్ళెంలో కేకు ముక్క అలాగే ఉంది, తెల్లటి క్రీములో గోపాల్‌రావు పై పళ్ళ గుర్తులు నాలుగూ వరసగా.