జరగని గొడవ

“గ్లాసు మీరు అందించారా, ఆయనే తీసుకున్నారా?” అని అడిగాడు లాయరు. నేనప్పుడు అతనికి టీ కప్పు అందిస్తున్నాను. ఏ గ్లాసని అడగబోయి ఆగిపోయాను. ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏ గ్లాసూ అందించలేదు. ఆ సంగతి లాయరుకి తెలుసు. సోఫాలో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్న మా ఆయనకి తెలుసు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న మా అత్తగారికీ తెలుసు. అయినా ముగ్గురూ నా మొహంలోకే చూస్తున్నారు.

“ఆయనే తీసుకున్నారు,” అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

“వద్దమ్మా. మీరే పోసి ఇచ్చారంటే బలంగా ఉంటుంది. పశ్చాత్తాపంతో పోసి ఇచ్చారు.”

“దేనికి పశ్చాత్తాపం?”

“అదే ఇప్పుడు ఆలోచించాలి,” అన్నాడు బిస్కెట్టు టీలో ముంచుతూ.

జరిగింది వేరు. మా ఆయన టైల్స్ కంపెనీలో సేల్స్ మేనేజరు. ఆ రోజు ఎవరో పెద్ద కస్టమరుకి కంపెనీవాళ్ళు హోటల్లో భోజనం పెట్టారు. ఈయన అక్కడ బాగా తాగి, కారు నడుపుకుంటూ వస్తూ, స్కూలు పక్క మలుపులో ఒక మనిషిని గుద్ది, ఆగకుండా ఇంటికి వచ్చేశారు. నేను కళ్ళ ఆసుపత్రిలో రిసెప్షనిస్టుని. పొద్దుటి డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చి, వంటగట్టు తుడుస్తున్నాను. “కుక్క అడ్డమొచ్చింది. కారు ముందువైపు కాస్త కడుగు,” అని మంచం మీద వాలిపోయారు. గది గుమ్మం దాకా వాసన కొడుతోంది. పైపు లాక్కెళ్ళి కడిగాను. బంపరు కింద నారింజరంగు దారం చిక్కులు పడి చుట్టుకుని ఉంది. ఓపిగ్గా విప్పి, ఉండచుట్టి, చెత్తబుట్టలో పడేశాను. కుక్కకి దారం ఎక్కడిదని నీకు అనిపించలేదా అంటే, అనిపించింది. అనిపించినవి అడగడం ఎప్పుడో మానేశాను. ఆయన లేచేసరికి తాగడానికి నిమ్మరసం కలిపి ఉంచాలని మాత్రం గుర్తుంది. రెండు గంటల తర్వాత, ఎవరో చెప్పిన కారు నంబరు పట్టుకుని పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళి, గొట్టంలోకి ఊదించి, తాగి కారు నడిపినట్టు కేసు రాశారు.

“యాక్సిడెంటు ఎవరికైనా అవుతుంది,” అన్నాడు లాయరు. “తాగి చేశారని తేలితేనే జైలూ, ఉద్యోగం పోవడమూ. హోటల్లో ఉన్నవాళ్ళు నోరు విప్పరు, ఎవరి భయం వాళ్ళది. గుద్దినప్పుడు తాగి ఉన్నారని చూసినవాళ్ళు లేరు. ఊదించింది రెండు గంటల తర్వాత. ఆ రెండు గంటలూ ఇంట్లో ఉన్నారు. ఇంటికొచ్చాకే తాగారు. అంతే! కానీ పట్టపగలు మూడింటికి ఎవరైనా ఇంట్లో కూర్చుని ఎందుకు తాగుతారు? జడ్జి మొదట అడిగేది అదే.”

“దానికేముంది,” అంది మా అత్తగారు. “పెళ్ళాం నోటికి తట్టుకోలేక తాగాడని చెప్పండి. ఎవరైనా నమ్ముతారు.”

లాయరు కప్పు కింద పెట్టాడు. “అమ్మగారూ, మీరు నా దగ్గర జూనియరుగా చేరాల్సింది!”

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే నన్ను ఎక్కువగా కాలుస్తుంది.

మర్నాడు ధైర్యం చేసి, “నేను చెప్పలేనండీ,” అన్నాను. ఆయన కేకలు వెయ్యలేదు. “నిన్నేమైనా ఎవర్నైనా చంపమన్నానా? నాలుగు మాటలు చెప్పమంటున్నాను. నా ఉద్యోగం పోతే అమ్మాయి చదువు ఏం కావాలి, నువ్వే చెప్పు,” అన్నారు. అత్తగారు పక్కగది లోంచి, “మొగుణ్ణి జైల్లో కూర్చోబెట్టి ఎవరికి చూపిస్తావమ్మాయ్ నీ మొహం?” అంది. నేను ఏమీ అనలేదు. మా ఇంట్లో నేను ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు లెక్క. ఆ పద్ధతి ఎప్పుడు మొదలైందో ఎంత ఆలోచించినా గుర్తు రాదు.

ఇక రిహార్సల్స్ మొదలయ్యాయి. పొద్దున ఆసుపత్రి, మధ్యాహ్నం వంట, సాయంత్రం గొడవ. లాయరు రాసిచ్చిన కాగితం పట్టుకుని హాల్లో నిలబడేదాన్ని. ఆ కాగితం ప్రకారం ఆయన ఏదో జంతువుని గుద్దానేమోనన్న కంగారులో ఇంటికి వస్తే, నేను మంచినీళ్ళైనా ఇవ్వకుండా అరిచాను, చేతకానివాడివన్నాను, పుట్టింటికి పోతానని బెదిరించాను. ఆయన తల పట్టుకుని కూర్చుంటే అప్పుడు జాలిపడి సీసా తీసి పోశాను. “అంత మెల్లగా అంటే గొడవలా లేదు, గొంతు పెంచు,” అనేవారు మా ఆయన. పదిహేడేళ్ళుగా నాతో ఎక్కువసార్లు అన్న మాట “గొంతు తగ్గించు, పక్కింటివాళ్ళు వింటారు” అన్నది. పాపాయి పుట్టిన మూడోవారం, నిద్రలేక కళ్ళు తిరుగుతున్నాయని ఏడిస్తే గొంతు తగ్గించమన్నారు. మా నాన్న పోయినప్పుడు, ఆఖరిచూపుకి వెళ్ళాలని పట్టుబడితే, మర్నాడు ఇంటికి బాసు భోజనానికి వస్తున్నాడని గుర్తుచేసి గొంతు తగ్గించమన్నారు. ఆ మర్నాడు నేను పన్నెండుమందికి వండాను. అందులో ఒకాయన పప్పు బావుందన్నాడు. ఇప్పుడు గొంతు పెంచమంటున్నారు, వేరేవాళ్ళ మాటలతో. వేరేవాళ్ళ మాటలు కాబట్టి ఎంత పెంచినా ఫరవాలేదు కాబోలు. వంటింట్లో చపాతీలు వత్తుతూ ఆ మాటలు వల్లె వేస్తుంటే, అసలీ గొడవ నేను నిజంగా ఎందుకు పడలేదని నామీద నాకే అసహ్యం వేసేది. మనిషిని గుద్ది వచ్చినవాడి ముందు అరవడానికి బదులు నిమ్మరసం కలిపినదాన్ని నేను.

వాయిదా రోజు పొద్దున కోర్టులో ఆడవాళ్ళ బాత్రూముకి వెళ్ళాను. అద్దం ముందు నా వయసావిడే ఒకామె నిలబడి ఉంది. కుడి ముంజేతికి, విరిగిన ఎముక కదలకుండా, బయట నుంచి ఇనపకడ్డీలు బిగించి ఉన్నాయి. ఎడమచేత్తో జుట్టు పోగేసుకుని, నోట్లో క్లిప్పు పట్టుకుని తంటాలు పడుతోంది.

“కాస్త ఈ క్లిప్పు పెడతారా అండీ? ఒంటిచేత్తో కుదిరి చావట్లేదు,” అంది నన్ను చూసి.

పెట్టాను. పల్చటి జుట్టు, చెవుల దగ్గర నెరిసింది. చేత్తో దువ్వి, జారకుండా బిగించాను.

“మా అమ్మ పోయాక నా జుట్టు ఇంకొకరు ముట్టుకోవడం ఇదే,” అని నవ్వింది. “నాది కుట్టుపని. ఇంక కత్తెర పట్టడం కుదరదన్నారు డాక్టర్లు. ఎడమచేత్తో నేర్చుకుంటున్నాను. ఇప్పటికి రెండు జాకెట్లు తగలేశాను.”

“ఎలా అయ్యింది?” అని అడిగాను.

“దారాలు కొనుక్కుని వస్తుంటే కారు గుద్దింది. గుద్దితే గుద్దాడు, ఒక్కసారి ఆగి చూసి ఉంటే బావుండేదండీ. రోడ్డు మీద పడి ఉన్నప్పుడు, వెనక్కి వస్తాడు, వస్తాడు అనుకుంటూనే ఉన్నాను.” తర్వాత నావైపు తిరిగి, “మీదేం కేసు?” అంది.

“మా ఇంట్లోవాళ్ళది,” అన్నాను. చేతులు కడుక్కుంటూ ఉండిపోయాను, ఆవిడ వెళ్ళిపోయేదాకా.

అప్పుడైనా వెనక్కి తిరిగి ఇంటికి పోవచ్చు. పోలేదు. పేరు పిలిస్తే వెళ్ళి బోనులో నిలబడ్డాను, ప్రమాణం చేశాను.

ప్రభుత్వ లాయరు కుర్రవాడు. “ఆ మధ్యాహ్నం గొడవ జరిగిందన్నారు. ఏమేం అన్నారో చెప్పండి,” అన్నాడు. నోరు తెరిచాను. కాగితం మీదిది ఒక్కటీ గుర్తు రాలేదు. వచ్చింది వేరే. ఇంట్లో ఒక్క పనికి చెయ్యి వెయ్యరని అరిచానన్నాను. తాగి వచ్చి వాంతి చేసుకుంటే పదిహేడేళ్ళుగా నేనే ఎత్తిపోస్తున్నానని అరిచానన్నాను. నా జీతం ఏ రోజు వస్తుందో గుర్తుంటుంది గానీ నా పుట్టినరోజు గుర్తుండదని, మా నాన్నని చివరిసారి చూడనివ్వలేదని, ఈ ఇంట్లో నేనున్నానో లేనో టీ ఆలస్యమైతేనే తెలుస్తుందని అరిచానన్నాను. నా గొంతు పెరిగిపోయింది. ఎవరూ తగ్గించమనలేదు. జడ్జి తల వంచుకుని అన్నీ రాసుకుంటున్నాడు. నా జీవితంలో మొదటిసారి నా మాటలు ఒక మనిషి పూర్తిగా విన్నాడు, అవన్నీ నా మొగుడు నిర్దోషి అనడానికి సాక్ష్యంగా.

“ఇన్ని మాటలన్నాక జాలేసి గ్లాసు పోసి ఇచ్చారా?” అని అడిగాడు కుర్రలాయరు.

“పోసి ఇచ్చాను,” అన్నాను.

మూడో వరస బెంచీలో ఆవిడ కనబడింది. నన్నే చూస్తోంది. మొహంలో కోపం లేదు, ఏదో కూడిక తప్పినట్టు చూస్తోంది. తర్వాత మెల్లగా ఎడమచెయ్యి ఎత్తి, జుట్టుకున్న క్లిప్పు లాగేసింది.

తాగి నడిపిన కేసు కొట్టేశారు. అజాగ్రత్త కింద లైసెన్సు మూడు నెలలు ఆపారు. బయటికి వచ్చాక మా ఆయన నా భుజం తట్టి, “అదరగొట్టావ్! అవన్నీ ఎక్కణ్ణుంచి పుట్టించావ్ నువ్వు?” అన్నారు. పదిహేడేళ్ళు నాతో ఉన్న మనిషి. ఒక్కటీ గుర్తుపట్టలేదు.

పేపర్లో నాలుగు లైన్లు వేశారు, భార్య పోరు పడలేకే తాగాడని. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కౌంటరు దగ్గర ఆగి, “ఇకనుంచి మీతో జాగ్రత్తగా మాట్లాడాలన్నమాట,” అని నవ్వుతూ వెళ్ళాడు. వరసలో ఉన్న పేషెంట్లు కూడా నవ్వారు. నేను నంబరు చీటీలు ఇస్తూ ఉండిపోయాను.

తర్వాతి ఆదివారం మా బావగారు, తోడికోడలు భోజనానికి వచ్చారు. కూర వడ్డిస్తుంటే మా ఆయన అన్నగారితో అంటున్నారు: “ఏం చేస్తాం అన్నయ్యా. ఆ రోజు ఇంట్లో అంత రాద్ధాంతం జరగకపోతే నేను ముట్టుకునేవాణ్ణే కాదు.” నావైపు చూసి కన్ను గీటుతారేమోనని గరిటె పట్టుకుని ఆగాను. చూడలేదు. గొంతులో నిజమైన బాధ ఉంది. నమ్మేశారు. బావగారు నిట్టూర్చి, “పోనీలేమ్మా, ఇకమీదట కాస్త సర్దుకో,” అన్నారు నాతో.

అందరూ వెళ్ళాక మా అమ్మాయి గిన్నెలు తుడవడానికి వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. ఆ మధ్యాహ్నం అది స్కూల్లో ఉంది. నాలుగు ప్లేట్లు తుడిచి, “అమ్మా, నాన్నని ఆ రోజు అంతలా తిట్టకుండా ఉండాల్సింది,” అంది.

“నేను తిట్టలేదే.”

“కోర్టులో నువ్వే కదమ్మా చెప్పావు. ప్రమాణం చేసి మరీ.” ప్లేటు బోర్లించి, “పాపం ఆ టైలరావిడ. నువ్వు గొడవపడ్డావు, ఆయన తాగారు, మధ్యలో ఆవిడ...” అంటూ ఆగిపోయింది. ముందు ఏది, తర్వాత ఏది అన్నది కూడా దానికి కలిసిపోయింది. ఇంకో ఏడాదికి ఆ చెయ్యి విరగ్గొట్టింది నేనే అవుతాను. నా కడుపున పుట్టిన పిల్లకి చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. ఉన్న మాటలన్నీ ప్రమాణం చేసి ఖర్చుపెట్టేశాను.

సోమవారం డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్ళలేదు. పోలీసు స్టేషనుకి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, రెండు పేజీలు రాశాను. కారు కడిగింది, దారం తీసింది, గ్లాసు ఇవ్వనిది, మా ఆయన వచ్చేసరికే తాగి ఉన్నది.

అక్కడి ఎస్సై, ఒకావిడ, రెండుసార్లు చదివింది. “ఇది తీసుకుంటే ముందు మీ మీదే కేసు పడుతుందమ్మా. అబద్ధపు సాక్ష్యం, సాక్ష్యాలు చెరిపెయ్యడం. ఆయన కేసు మళ్ళీ తెరుస్తారో లేదో నేను చెప్పలేను. ఆయన ఇంట్లో, మీరు లోపల, అలా కూడా జరగొచ్చు. ఆలోచించారా?”

“ఆలోచించాను.”

“పిల్లలున్నారా?”

“ఒక అమ్మాయి. నేను రాసింది అదీ నమ్మదు.”

ఆవిడ కాగితాలు బల్ల మీద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, నా మంచికే అన్నట్టు అడిగింది. “కొట్టారా? బెదిరించారా? బలవంతంగా చెప్పించారని ఒక్క లైను రాయండి. మీకు శిక్ష తగ్గుతుంది.”

పదిహేడేళ్ళలో వెతికాను. ఎత్తిన చెయ్యి ఒక్కటి దొరుకుతుందేమోనని నిజంగానే వెతికాను.

“లేదండీ,” అన్నాను. “బలవంతం అవసరం పడలేదని రాసుకోండి.”